ముంచని పడవ

ఉదయగిరిలో పుట్టినవాడికి పడవ ఎందుకని అడిగితే నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. మా ఊళ్ళో చూడాలంటే కొండ ఉంది, కోట ఉంది, కావలసినన్ని రాళ్ళున్నాయి. నీళ్ళు మాత్రం బావి అడుగున ఉంటాయి, చేద వేసి తోడుకోవాలి. అటువంటి ఊరివాణ్ణి, అంగడి ఇంటివాణ్ణి, ఇరవై రెండేళ్ళ వయసులో తెరచాప ఉన్న పడవ కొన్నాను. చేపలు పట్టడానికి కాదు, సరుకు మోయడానికీ కాదు. ఇది నాది అని చెప్పుకోవడానికి, అంతే.

స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్ళయింది. ఉదయగిరి అంగడి నాయన చూసుకుంటూ, ఆత్మకూరులో కొత్తగా ఒక బట్టలంగడి తెరిచి నన్ను కూర్చోబెట్టాడు. నాకు వండిపెట్టడానికి అమ్మ వచ్చింది. ఒకసారి సరుకు పనిమీద సముద్రం వైపు పోతే, అక్కడ కాలవగట్టున ఈ పడవ కనిపించింది. నలుగురు కూర్చుంటే నిండిపోయేంత చిన్నది. దాన్ని చూశాక నాకు అన్నం సహించలేదు. బేరమాడి కొని, రెండు ఎద్దులబండ్లు ఒకదాని వెనక ఒకటి కట్టించి, వాటిమీద పడుకోబెట్టి తెచ్చాను. ఆత్మకూరు బజారు మొత్తం అరుగులమీదికి వచ్చి చూసింది. "పెండ్లికూతుర్ని తెచ్చినట్టు తెచ్చినాడే" అని ఎవరో అన్నారు. నాకు కోపం రాలేదు, పొంగిపోయాను.

సంగతి తెలిసి నాయన వచ్చాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. "దీనికి మేత వెయ్యాల్నా?" అన్నాడు.

"ఏమీ అక్కర్లేదు నాయనా. కొయ్యే గదా."

ఆ పడవ విషయంలో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. తెలియక చెప్పాను కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా ఫరవాలేదు. తర్వాతవి తెలిసి చెప్పినవే.

ఆత్మకూరుకు దక్షిణంగా పెన్న పోతుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు ఇసుక, నడుమ ఒక పాయ, అక్కడక్కడా మడుగులు. వానాకాలంలో మాత్రం గట్టు నుంచి గట్టుకు నీళ్ళు. ఆ రోజుల్లో గాలి తూర్పు నుంచి వీస్తుంది, ఏరు తూర్పుకు పారుతుంది. చాప ఎత్తితే పడవ ఏటికి ఎదురెక్కుతుంది, దించితే ఏరే మనల్ని వెనక్కి తెచ్చి దించుతుంది. ఈ ఒక్క సంగతికే నేను ఆ పడవకు దాసోహమయ్యాను.

ఏటికి అవతల, చేజర్ల వైపు పల్లెలో అక్కను ఇచ్చారు. నాకంటే రెండేళ్ళు పెద్దది. చిన్నప్పుడు నేను పగలగొట్టిన జాడీలకు తను తిట్లు తిన్నది. నేను బడి ఎగ్గొట్టిన రోజుల్లో నాకు జ్వరమని నాయనకు చెప్పింది. పెళ్ళయిన ఏడాది కార్తీకంలో ఆమెను పడవలోనే అత్తవారింటికి దిగబెట్టాను. అక్క పడవ ముక్కు దగ్గర కూర్చుని, చీర చెంగు నడుముకు బిగించి, నీళ్ళలో చెయ్యి పెట్టింది. గాలికి చాప ఉబ్బగానే గట్టిగా నవ్వింది. అవతలి రేవులో దిగేటప్పుడు, "ఒరే, నా పురిటికి గూడా దీన్లోనే తీసకపోవాల నువ్వు. బండి ఎక్కమంటే ఎక్కేది లేదు" అంది.

"పల్లకి మాదిరి తీసకపోతా అక్కా" అన్నాను.

మాటే గదా, ఎంత సులువుగా వస్తుందో.

రేవులో ఒక ముసలి పడవవాడు ఉండేవాడు. మనుషుల్ని ఏరు దాటించేది ఆయన పుట్టి, బుట్టలాంటి గుండ్రటి పడవ. నేను పెద్దాయనా అని పిలిచేవాణ్ణి. నా పడవను మొదటిరోజే ఆయన వేళ్ళతో తడిమి చూశాడు. దానికి ఏడాదికి ఒకసారి ఏం చెయ్యాలో నాకు ఓపిగ్గా చెప్పాడు. పలకల సందుల్లో పాత పీచు గోకి తీసెయ్యాలి. కొత్తది నూలులా పేని ఉలితో దిట్టంగా కొట్టాలి. నూనెలో కాచిన గుగ్గిలం దానిమీద పొయ్యాలి. ఆపైన మొత్తానికి చేపనూనె పట్టించాలి. ఇదంతా ఒక ఎత్తు, ఆఖరిది ఒక ఎత్తు.

"మాఘం దాటి ఏరు ఎండేటప్పుడు, మడుగులో పెట్టి రాళ్ళేసి ముంచెయ్యాల అబ్బయ్యా. వానలొచ్చిందాకా నీళ్ళ అడుగునే ఉండాల."

"కొత్త పడవను ముంచేదేంది పెద్దాయనా?"

"ముంచితేనే బతుకుతాది. ఎండకు పెడితే పలకలు ముడుచుకొని సందులు నోళ్ళు తెరుస్తాయి. గట్టుమీద ఎండిన పడవ ఏట్లో మునుగుతాది. మడుగులో మునిగిన పడవ ఏట్లో తేలతాది."

నాకు నవ్వొచ్చింది. మేము మెట్టవాళ్ళం. ఏదైనా చెడకుండా ఉండాలంటే ఎండబెట్టడం ఒక్కటే మాకు తెలుసు. కందులైనా, చింతపండైనా, మిరపకాయలైనా, నాగలి కొయ్యైనా ఎండినంత కాలమే మనది, తడి తగిలితే పురుగుపాలు. అయినా ముసలాయన మాట తీసెయ్యలేక ఒకరోజు నాయన వచ్చినప్పుడు అంగడిలో ఆయనతో అన్నాను, పడవను ముంచాలంట అని. బట్టలు చూస్తున్న మనిషి ఒకడు తలెత్తి, "పడవను గూడా వదిలేటట్టు లేరే మీరు!" అన్నాడు. అంగడంతా గొల్లుమంది. నాయన మాత్రం నవ్వలేదు. ఆ మనిషి పోయాక, "అంగడిలో కూర్చొని ముంచే మాట అనబాకరా. మనం ఒకటంటే వినేవాళ్ళు ఇంకొకటి వింటారు" అన్నాడు.

నిజమే. వ్యాపారం చేసే ఇంట్లో ఆ మాటకు ఉన్న భయం పాముకు కూడా ఉండదు. 'ముంచాడు' అని ఒక్కసారి పేరొస్తే గిరాకీ గడప తొక్కదు. ఆ భయం నా సోమరితనానికి చక్కగా కలిసొచ్చింది. మునగకాయల్ని కూడా ఆ ఇంట్లో మెల్లగా అడిగేవాళ్ళం అని తర్వాత నేనే వేళాకోళం చేసేవాణ్ణి.

చేపనూనె సంగతి మరీ అధ్వాన్నం. ఆ పేరు వింటేనే అమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకునేది. ఆ నూనె తాకిన చేతులతో ఇంట్లోకి రావద్దంది. సరే, నూనె ఏదైతేనేం అని ఆముదం పట్టించాను. రెండు పెద్ద డబ్బాలు తాగింది పడవ. ఆముదం ఎండదు. బంకబంకగా దుమ్ము పట్టి, చీమలు పట్టి, పడవ గట్టుమీద ఒక రైతు కొట్టంలో పడుకుంది. ఫాల్గుణం నుంచి వడగాలి తిన్నది. ఆషాఢంలో పోయి చూస్తే పలకల సందుల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది.

మొదటేడు పెద్దాయనే ఎట్లాగో కూడదీసి నిలబెట్టాడు. రెండో ఏడు ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలి మళ్ళీ పైపైన పని కానిచ్చాను. ప్రతిసారీ, వచ్చే ఏడు అన్నీ సరిగ్గా చేద్దాం అనుకునేవాణ్ణి. ఆదివారం వస్తే ఎండగా ఉందనో, ఎవరో బేరానికి వచ్చారనో, ఉలి కనపడలేదనో వంక దొరికేది. చాపను ఎలుకలు కొరికితే అంగడి గుడ్డతో అతుకు వేయించాను. అది చెయ్యడానికి కూర్చున్నచోటి నుంచి లేవక్కర్లేదు గదా.

మూడో ఏడు అక్క నీళ్ళోసుకుంది.

మా ఇళ్ళల్లో తొలి కానుపు పుట్టింట్లోనే జరగాలి. పురిటికి తీసుకొచ్చేది బేసి నెలలోనే. ఏడో నెల తప్పితే మళ్ళీ తొమ్మిదో నెలే. ఎనిమిదో నెలలో గడప దాటించరు. అక్కకు ఏడో నెల భాద్రపదంలో పడింది. అప్పటికి ఏట్లో మోకాటి లోతు నీళ్ళు, బండ్లు సాఫీగా దాటుతున్నాయి. అక్క అత్తగారు కబురంపింది, ఇప్పుడే బండి కట్టి పంపిస్తాం అని. అమ్మ సరేనంది. అడ్డుపడింది నేను.

"ఇసకలో బండి కుదుపులకు అక్క తట్టుకుంటాదా అమ్మా? తొమ్మిదో నెలకు ఏరు నిండుతాది. పడవలో కడుపులో చల్ల కదలకుండా తెస్తాను. మాటిచ్చినాను గదా."

కుదుపుల మాట పైకి చెప్పింది. లోపల ఉన్నది వేరు. నిండిన ఏట్లో, చాప ఎత్తిన పడవలో, గర్భిణీ అక్కను కూర్చోబెట్టుకుని నేను రావడం, రేవులో జనం చూడటం, అది నాకు కావాలి. అక్కకు ఒక కార్డు రాశాను: ఆగు, నేనే వస్తాను. ఆమె ఆగింది. బండి ఎక్కనని అత్తగారితో చెప్పి ఆగింది.

అంటే నా చేతిలో రెండు నెలలున్నాయి. పీచు పేనడానికి నాలుగు రోజులు చాలు. కొట్టడానికి ఇంకో నాలుగు. నీళ్ళలో నానబెట్టడానికి ఒక వారం. పెద్దాయన ఒకసారి కొట్టంలోకి వచ్చి సందులో వేలు పెట్టి చూపించాడు. "వేలు దూరతా ఉండాది అబ్బయ్యా. ఈసారి పైపూత పనికిరాదు."

"ఆదివారం మొదలుపెడతా" అన్నాను.

ఆ ఆదివారం నేను రంగు డబ్బా కొన్నాను. పచ్చ రంగు. అక్క వస్తున్న పడవ అందంగా ఉండొద్దా? ఆమె కూర్చునే పలకను గాజుపెంకుతో గీకి నునుపు చేశాను. అంగడిలోని మంచి గుడ్డ తీసి, బూరుగు దూది కూరి, మెత్త కుట్టించాను. పచ్చ రంగు రెండు పూతలు వేసి అంచు చుట్టూ తెల్లగీత గీశాను. ఆ గీత వంకర పోకుండా గీయడానికి ఒక్కదానికే మూడు రోజులు పట్టింది. చిక్కటి రంగు సందుల్లోకి దిగి పొర కట్టింది. చూడటానికి పలకలన్నీ అతుక్కుపోయినట్టే ఉన్నాయి. పైన పటారం లోన లొటారం అని ఎదుటివాళ్ళ సరుకును బోలెడుసార్లు ఎగతాళి చేసినవాణ్ణి, నా చేత్తో నేను చేసింది అదే అని నాకు తెలుసు. తెలిసే, రంగు ఆరేదాకా కూర్చుని చూసి మురిసిపోయాను.

కార్తీకంలో రెండు రోజులు ముసురు పట్టి ఏరు వచ్చింది. మూడోరోజు పొద్దున తెరిపిచ్చింది. అమ్మ మూట కట్టుకుని రేవుకు వచ్చింది, కూతుర్ని దగ్గరుండి తెచ్చుకోవాలని. ఎర్రటి నీళ్ళు గట్టు నుంచి గట్టుకు పోతున్నాయి. పెద్దాయన గెడ దించి చూశాడు, గాలి చూశాడు.

"పుట్టి అయితే గిర్రున తిరిగిపోతాది గానీ, చాప ఉంటే దాటొచ్చు. ఏరు మనల్ని రానిస్తాది. పడవ సంగతే నువ్వు చెప్పాల. సందులు కొట్టినావా?"

"కొట్టినాను" అన్నాను.

ఆయన పచ్చరంగు వంక చూశాడు, నా ముఖం వంక చూశాడు. నా మాట నమ్మి చుక్కాని పట్టుకున్నాడు.

గాలి బాగా అందింది. సగం ఏరు దాటేదాకా నాకు ఏ అనుమానమూ రాలేదు. అమ్మే మొదట చూసింది. "ఒరే, నా కాళ్ళు తడస్తా ఉండాయి." అడుగున రంగు పొర చీలికలు చీలికలుగా లేచి, ఆ చీలికల్లోంచి ఎర్రనీళ్ళు బుగ్గలు బుగ్గలుగా వస్తున్నాయి. అమ్మ దేవుడికని తెచ్చుకున్న ఇత్తడి చెంబు తీసి తోడి పొయ్యడం మొదలుపెట్టింది. తోడేకొద్దీ వస్తున్నాయి. బూరుగుదూది మెత్త నీళ్ళలో తేలి నా మోకాటికి తగిలింది. నేను చాప తాడు వదల్లేను, పెద్దాయన చుక్కాని వదల్లేడు. యాభై ఏళ్ళ మనిషి, వంగి, ఒక్కతే తోడుతోంది.

"వెనక్కి తిప్పు అబ్బయ్యా" అన్నాడు పెద్దాయన.

చాలా కింద, ఎవరివో చేల పక్కన ఇవతలి ఒడ్డు దొరికింది. పెద్దాయన దిగి, తువ్వాలు పిండుకుని, నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. అమ్మ తడిచీరతో గట్టుమీద నిలబడి అవతలికి చూస్తూ ఉండిపోయింది. నేను ఇంటికొచ్చి అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాను: ఏరు మరీ జోరుగా ఉండింది, దాటనియ్యలేదు. అమ్మ పక్కనే ఉండి విన్నది.

ఏరు తగ్గడానికి ఎనిమిది రోజులు పట్టింది. నెల్లూరు చుట్టు తిరిగి పోదామంటే దారిలో వాగులన్నీ పొంగి బస్సులు నిలిచిపోయాయి. ఆరోనాడు తంతి వచ్చింది, అక్కకు ఆడపిల్ల అని. రెండు రోజులు నొప్పులు పడిందట. పక్కన అమ్మ లేదు, పుట్టింటి మనిషి ఒక్కరూ లేరు. తల్లీబిడ్డా బాగున్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను కొన్నాళ్ళు నన్ను సమాధానపరుచుకోవాలని చూశాను. కుదరలేదు.

బారసాలకు పోయినప్పుడు అక్క అత్తగారు నలుగురిలో అంది: "తొలి కానుపు గూడా మా నెత్తిన వేసినారు. పుట్టిల్లుండీ లేనట్టే." అమ్మ తల వంచుకుంది. అక్క మాత్రం పిల్లను భుజం మార్చుకుంటూ, "ఏరు జోరుగా ఉండింది గదత్తా, మా తమ్ముడేం చేస్తాడు" అంది. తర్వాత మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను అడిగింది.

"ఏరు అంత జోరుగా ఉండిందంట్రా?"

"ఉండిందక్కా" అన్నాను.

ఆమె కాసేపు నా ముఖం చూసి, పిల్లకు పాలిచ్చేదానికి లోపలికి పోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని నాకు తెలుసు. అయినా పట్టుకున్నాను. ఆ ఏడు మాఘంలో పడవను మడుగులోకి లాగి, నా చేతులతో రాళ్ళు ఎత్తి వేసి ముంచాను. రంగంతా ముందే గీకిపారేశాను. పెద్దాయన గట్టుమీద కూర్చుని చూశాడు. రమ్మని నేను అడగలేదు, తనే వచ్చాడు. శ్రావణంలో పైకి తీసి, పీచు పేని, సందు సందుకూ కొట్టాను. చేపనూనె పట్టించాను. ఆ వాసనకు అమ్మ అన్నం పెరట్లో పెట్టేది, అక్కడే తినేవాణ్ణి. ఏ ఒక్క ఏడూ తప్పలేదు. అంగడిలో ఎవరైనా యాడికి పోతా ఉండావు అంటే, పడవ ముంచేదానికి అని చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్ళు నవ్వారు. గిరాకీ ఏమీ తగ్గలేదు. ఆ తర్వాత ఆ పడవలోకి ఒక్క చుక్క నీరు రాలేదు. రానందుకే నాకు ఇంకా బాధ. ఇంత తేలికైన పని ఆ రెండు నెలల్లో చెయ్యలేకపోయాను.

అక్క మాత్రం మళ్ళీ ఆ పడవ ఎక్కలేదు. ఎండాకాలంలో బండిమీద వచ్చేది, పోయేది. పిలిస్తే, "వద్దులేరా, పిల్ల భయపడతాది" అనేది. రెండో కానుపుకు రమ్మని పోతే, "తొలిదానికే అలవాటైపోయింది" అని నవ్వింది. అత్తగారి ఎత్తిపొడుపు మాత్రం ఆగలేదు. పండక్కి పబ్బానికి ఎవరొచ్చినా ఆ తొలికానుపు మాట వచ్చేది. ప్రతిసారీ అక్క అదే జవాబు చెప్పేది, ఏరు జోరుగా ఉండింది అని. నా అబద్ధాన్ని ఆమె మోసుకు తిరుగుతోందని తెలిసీ నోరు మెదపలేకపోయాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి మూడేళ్ళయ్యాక నా పెళ్ళి కుదిరింది, కార్తీకంలోనే. ఆడబిడ్డగా అక్క ముందే రావాలి. ఏట్లో నీళ్ళున్నాయి, బండి దారి లేదు. నేను పడవ తీసుకుని పోయాను. పెద్దాయన అప్పటికి లేడు, చుక్కాని నేనే పట్టాను. చిన్నవాణ్ణి అత్తగారి దగ్గర వదిలి, అక్క పెద్దపిల్లను వెంటబెట్టుకుని రేవుకు వచ్చింది. పిల్లకు ఆరో ఏడు. అక్క పడవ ఎక్కి, ముక్కు దగ్గర తన పాతచోటనే కూర్చుంది. కొంతదూరం వచ్చాక పలకల సందుమీద వేలు పెట్టి మెల్లగా ఈ కొస నుంచి ఆ కొసకు రాసింది.

"ఇప్పుడు కారదా?"

"కారదక్కా."

"అప్పుడు బాగా కారింది గదా."

అమ్మ చెప్పిందా అని అడిగాను.

"అమ్మ ఏం చెప్పలేదు. ఆపొద్దు నేను రేవులోనే ఉండాను. అత్త వద్దంటా ఉన్నా వినకుండా వచ్చినాను. నువ్వు వస్తావని తెలుసు గదా. పచ్చరంగు, తెల్లగీత, బలే ఉండింది పడవ. సగం ఏరు దాటినారు. చెయ్యి గూడా ఊపినాను. అమ్మ చెంబుతో ఎత్తి పోస్తా ఉండింది. తర్వాత నీ చాప తిరిగింది."

పిల్ల నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడుకుంటోంది. నేను చాప తాడు ఒకసారి సరిచేసి అడిగాను.

"మరి ఏరు జోరుగా ఉండిందా అని నన్నెందుకు అడిగినావక్కా?"

"నిజం చెప్తావేమోనని."

"ఇన్నేండ్లలో మళ్ళా అడగలేదే."

"మళ్ళా అబద్ధం చెప్తావని" అంది.

"తప్పు నాదే అక్కా. రంగేసినాను గానీ సందులు కొట్టలేదు" అన్నాను. ఐదేళ్ళు నోట్లో పెట్టుకున్న మాట.

"తెలుసులేరా" అంది అక్క. పిల్ల చెయ్యి నీళ్ళలోంచి తీసి తన చెంగుతో తుడిచింది. "చాప చూసుకో. గాలి మారతా ఉండాది."